విరాళాల కార్యక్రమానికి లైవ్: ఓబీఎస్ స్టూడియో, యూట్యూబ్ జోడీ ఎంతవరకు పనికొస్తుంది?

నిధుల సేకరణ కోసం స్వచ్ఛంద సంస్థ హాల్లో సభ పెడితే, అక్కడ ఎన్ని కుర్చీలు పడితే అంతమందే దాతలు. అదే సభను లైవ్‌లో పెడితే దూరాన ఉన్నవాళ్లు, ప్రయాణం చేయలేని పెద్దవాళ్లు, పది నిమిషాలే తీరిక దొరికినవాళ్లు కూడా చూస్తారు, ఇస్తారు. ఈ పనికి పైసా ఖర్చు లేకుండా దొరికే జోడీ ఓబీఎస్ స్టూడియో, యూట్యూబ్ లైవ్. 2012లో మొదలైన ఓబీఎస్, కెమెరా బొమ్మను, మైకు శబ్దాన్ని కంప్యూటర్లో కలిపి లైవ్‌గా పంపే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది, వీడియో మీద తన ముద్ర వేయదు. బొమ్మను, శబ్దాన్ని చేరవేయడంలో ఈ జోడీకి వంక పెట్టలేం. చూసేవాడి చేతిలోంచి డబ్బు నేరుగా సంస్థకు చేరే దారిని మాత్రం ఈ జోడీ మీద వదిలేయలేం. అది సంస్థే వేసుకోవాలి.

ముందుగా ఒక హెచ్చరిక. యూట్యూబ్ ఛానల్లో లైవ్ సదుపాయాన్ని తొలిసారి ఆన్ చేస్తే అది అందుబాటులోకి రావడానికి 24 గంటల దాకా పట్టొచ్చు. ఫోన్ నంబరు వెరిఫై చేసి ఉండాలి. ఆ పని వారం ముందే ముగించి, అన్‌లిస్టెడ్‌గా, అంటే లింకు ఉన్నవాళ్లకే కనిపించేలా, ఒక ట్రయల్ లైవ్ నడిపి చూడండి.

సెట్టింగుల్లో పెద్ద చిక్కేమీ లేదు. 1080పీ, సెకనుకు 30 ఫ్రేములు, సీబీఆర్ (ఎప్పుడూ ఒకే వేగం) పద్ధతిలో 4500 నుంచి 6000 కేబీపీఎస్ బిట్‌రేట్ (సెకనుకు పంపే డేటా), కీఫ్రేమ్ (పూర్తి బొమ్మ ఉన్న ఫ్రేము) విరామం 2 సెకన్లు. అప్‌లోడ్ వేగం బిట్‌రేట్‌కు కనీసం రెట్టింపు ఉండాలి. దాన్ని ఆఫీసులో కాదు, సభ జరిగే హాల్లోనే, అదే వేళకు కొలవాలి. అతిథులందరి ఫోన్లూ హాలు వైఫైలోకి చేరాక ఖాళీ హాల్లో చూసిన అంకె మిగలదు. అందుకే లైవ్ కంప్యూటర్‌కు విడిగా నెట్ కేబుల్ ఇవ్వాలి.

లైవ్ ఆగి ఆగి వస్తుంటే ఓబీఎస్ గణాంకాల కిటికీ తెరవండి. నెట్‌వర్క్ వల్ల ఫ్రేములు పోతుంటే బిట్‌రేట్ తగ్గించాలి. ఎన్‌కోడింగ్ (వీడియోను పంపేందుకు కుదించే పని) వెనకబడి ఫ్రేములు పోతుంటే తప్పు కంప్యూటర్‌ది. ఎన్‌కోడర్‌ను గ్రాఫిక్స్ కార్డుకు మార్చాలి, లేదా 720పీకి దిగాలి. ఈ రెండింటినీ కలగలిపితే కాలికి దెబ్బ తగిలితే చేతికి కట్టు కట్టినట్టే.

బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా జనం చూస్తారు. మాట సరిగా వినపడకపోతే వెళ్లిపోతారు. కెమెరా మైకు మీద ఆధారపడితే ఫ్యాన్ల హోరు, గోడల ప్రతిధ్వనే వినిపిస్తాయి. హాల్లో సౌండ్ మిక్సర్ నుంచి ఆక్స్ లైను (ఏ శబ్దం ఎంత ఉండాలో విడిగా సర్దుకునే లైను) ఒకటి తీసి యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ ద్వారా కంప్యూటర్‌కు ఇవ్వండి. మెయిన్ లైను వద్దు. హాల్లో డోలు నేరుగానే వినిపిస్తుంది కాబట్టి మెయిన్ మిక్స్‌లో దాన్ని పెంచరు, లైవ్‌లో అది మాయమవుతుంది. ఒక్క లైనే వస్తే శబ్దం ఎడమ చెవిలోనే పలుకుతుంది. అడ్వాన్స్‌డ్ ఆడియో ప్రాపర్టీస్‌లో 'మోనో' టిక్ పెడితే సరిపోతుంది. మాట్లాడేటప్పుడు మీటరు పసుపు భాగంలో, అంటే మైనస్ 20 నుంచి మైనస్ 9 డెసిబెల్స్ మధ్య ఆడాలి. చప్పట్లు, కేకల కోసం శబ్దం హద్దు దాటకుండా ఆపే లిమిటర్ ఫిల్టర్ ఉండనే ఉంది.

క్యాప్చర్ కార్డు (కెమెరాను కంప్యూటర్‌కు కలిపే పరికరం) ద్వారా వచ్చే బొమ్మ శబ్దం కన్నా కాస్త ఆలస్యంగా అందుతుంది. దీనికి చప్పట్ల పరీక్ష చాలు. కెమెరా ముందు ఒక చప్పట కొట్టి రికార్డు చేసి, ఫ్రేము ఫ్రేముగా చూడండి. శబ్దం నాలుగు ఫ్రేముల ముందే వచ్చిందనుకోండి, ఒక్కో ఫ్రేముకు సుమారు 33 మిల్లీసెకన్ల చొప్పున శబ్దాన్ని ఆలస్యం చేసే సింక్ ఆఫ్‌సెట్‌లో 133 వేయాలి.

ఇక డబ్బు దారి. తెర మూలన క్యూఆర్ కోడ్ పెట్టేసి పని అయిపోయిందనుకుంటారు. ఫోన్లో చూస్తున్న మనిషి తన తెర మీది కోడ్‌ను అదే ఫోన్ కెమెరాతో ఎలా స్కాన్ చేస్తాడు? అందుకే అదే లింకు వివరణలో మొదటి వరుసలో ఉండాలి, చాట్‌లో పిన్ అయి ఉండాలి. పొట్టి లింకు వాడితే కోడ్‌లో గళ్లు తగ్గి దూరం నుంచి కూడా చదువుతుంది. 1080పీ తెర మీద కోడ్ 300 పిక్సెళ్లకు తగ్గకూడదు, చుట్టూ తెల్లటి ఖాళీ వదలాలి.

వచ్చిన మొత్తాన్ని తెర మీద చూపడానికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. తెర మీద అక్షరాలు చూపే ఓబీఎస్ టెక్స్ట్ సోర్స్‌కు ఫైలు నుంచి చదివే వీలుంది. వాలంటీరు టెక్స్ట్ ఫైల్లో అంకె మార్చి సేవ్ చేస్తే తెర మీద అదే మారుతుంది. తెలుగులో రాసేవాళ్లకు ఒక మాట: మ్యాక్, లినక్స్‌లలో వచ్చే ఫ్రీటైప్ టెక్స్ట్ సోర్స్‌లో ఒత్తులు, గుణింతాలు చెదిరిపోతాయి. తెలుగు అక్షరాలను బొమ్మగానో బ్రౌజర్ సోర్స్‌గానో (వెబ్ పేజీగా) పెట్టి, అంకెను మాత్రమే టెక్స్ట్‌గా ఉంచండి.

దాత పేరు చదివేటప్పుడు ఆలస్యం అడ్డొస్తుంది. యూట్యూబ్ మామూలు లేటెన్సీ (ఆలస్యం) సెట్టింగులో వేదిక మీది మాట చూసేవాళ్లకు చేరేసరికి 20, 30 సెకన్లు కూడా పట్టొచ్చు. తక్కువ లేటెన్సీలో ఎక్కువమందికి 10 సెకన్ల లోపే చేరుతుంది. విరాళాల సభకు అదే నయం. అతి తక్కువ లేటెన్సీ పెడితే నెట్ బలహీనంగా ఉన్నవాళ్లకు వీడియో తిరుగుతూనే ఉంటుంది. ఏదైనా సరే, 'గడువు ఇంకో నిమిషమే' అని యాంకర్ అనేముందు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

హాల్లో జరిగేదాన్ని ఉన్నదున్నట్టు పంపితే లైవ్ చప్పబడుతుంది. భోజన విరామంలో హాల్లోవాళ్లకు కబుర్లుంటాయి, తెర ముందున్నవాళ్లకు ఖాళీ కుర్చీలే కనిపిస్తాయి. వాళ్ల కోసం వేరే యాంకర్, ముందే తీసిన చిన్న వీడియోలు ఉండాలి. 2010లో మొదలైన గేమ్స్ డన్ క్విక్ విరాళాల మారథాన్లు చూడండి, వాటిలో వీడియో గేమ్‌లను వేగంగా ఆడి చూపిస్తారు: ఆటలో పాత్రకు ఏ పేరు పెట్టాలి, అదనంగా ఏ ఆట ఆడాలి అన్నది వచ్చిన విరాళాలే తేలుస్తాయి. చూసేవాడికి తాను ఇచ్చింది తెర మీద పని చేయడం కళ్ల ముందే కనిపిస్తుంది.

రెండు ప్రమాదాలున్నాయి. హాల్లో మోగిన సినిమా పాటను యూట్యూబ్ కాపీరైట్ వ్యవస్థ పట్టుకుంటే లైవ్ మధ్యలోనే ఆగిపోవచ్చు. హక్కులున్న సంగీతమే వాడాలి. రెండోది, దొంగిలించిన కార్డులు పనిచేస్తున్నాయో లేదో చూసుకోవడానికి మోసగాళ్లు విరాళాల పేజీలనే వాడుకుంటారు. చిన్న మొత్తాలు వరసగా పడుతుంటే అనుమానించాలి. కనీస మొత్తం, క్యాప్చా (ఇస్తున్నది మనిషేనని తేల్చే పరీక్ష) ముందే పెట్టాలి. చాట్‌లో సంస్థ పేరుతో వేరే లింకులు పెట్టేవాళ్లను తొలగించడానికి ఇద్దరు మోడరేటర్లు తప్పనిసరి.

ఓబీఎస్‌లో పెద్ద లోటు: దూరాన ఉన్న అతిథిని లింకు పంపి పిలిచే ఏర్పాటు లేదు. ఎక్కువమంది ఇళ్ల నుంచే మాట్లాడే కార్యక్రమమైతే బ్రౌజర్లోనే నడిచే స్ట్రీమ్‌యార్డ్ తేలిక, కాకపోతే దాని ఉచిత ప్లాన్‌లో వాళ్ల లోగో పడుతుంది. ఫోన్ నుంచే యూట్యూబ్ లైవ్ పెడదామంటే ఛానల్‌కు కనీసం 50 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి.

లైవ్‌తో పాటు ఓబీఎస్‌లో రికార్డింగ్ కూడా ఆన్ చేయండి, ఫైలు ఎంకేవీ ఫార్మాట్‌లో ఉండాలి. మధ్యలో కరెంటు పోయినా అప్పటిదాకా రికార్డయింది దక్కుతుంది. మామూలు ఎంపీ4 అయితే ఫైలు తెరుచుకోదు. చివర్లో యాంకర్ వీడ్కోలు చెప్పగానే స్టాప్ నొక్కకండి. ఆ మాట చూసేవాళ్లకు ఇంకా చేరి ఉండదు. క్యూఆర్ కోడ్, లింకు, వచ్చిన మొత్తం ఉన్న తెరను కనీసం రెండు నిమిషాలు నిలిపి, ఆ తర్వాతే ఆపండి.