సీపీఈ గంటలకు లైవ్ వెబినారా, సెల్ఫ్ స్టడీయా, ఉచిత వీడియోనా: ఏది మేలు?

హైదరాబాద్ ఆఫీసుల్లో పనిచేస్తూ అమెరికా సీపీఏ (అక్కడి అకౌంటెంట్) లైసెన్సు ఉన్నవాళ్లకి రెన్యువల్ దగ్గరపడేకొద్దీ ఇదే బెంగ. లైసెన్సు టెక్సస్‌ది అయినా, వాషింగ్టన్ రాష్ట్రానిది అయినా మూడేళ్లకి 120 సీపీఈ గంటలు, అంటే వృత్తిలో ఉన్నవాళ్లు కొనసాగించాల్సిన చదువు గంటలు, పూర్తిచేయాలి. పగలంతా క్లయింట్ పని, మరి ఈ గంటలు ఎక్కణ్ణుంచి తేవాలి?

ముందుగా ఉచిత వీడియోల సంగతి. కొత్త లీజు అకౌంటింగ్ ప్రమాణమో, రెవెన్యూ ప్రమాణమో అర్థం కావడానికి యూట్యూబ్‌లో మంచి పాఠాలున్నాయి. నేర్చుకోవడానికి చూడండి, గంటల కోసం మాత్రం నమ్ముకోకండి. సీఏ కూడా చేసినవాళ్లు ఇక్కడే పొరబడతారు. మన సీఏల సంస్థ ఐసీఏఐ లెక్కలో సొంతంగా చదివిన గంటల్ని అన్‌స్ట్రక్చర్డ్ కింద మనమే ప్రకటించుకోవచ్చు. లైసెన్సు ఇచ్చే అమెరికా రాష్ట్ర బోర్డుకి ఆ మాట చాలదు, సర్టిఫికెట్ కావాలి.

ఇక అసలు పోటీ మిగతా రెండింటి మధ్యే. లైవ్ వెబినార్‌లో 50 నిమిషాలకి ఒక క్రెడిట్, అంటే ఒక సీపీఈ గంట. మనిషి స్క్రీన్ ముందు ఉన్నాడో లేడో తేల్చడానికి క్రెడిట్‌కి కనీసం మూడుసార్లు పోల్ ప్రశ్నలు వస్తాయి. జవాబులు ఇవ్వకుండా వదిలేస్తే క్రెడిట్ కోతపడుతుంది. చెప్పేవారిని అక్కడికక్కడే ప్రశ్న అడగొచ్చు, అది నిజమైన లాభం. కానీ న్యూయార్క్‌లో మధ్యాహ్నం ఒంటిగంటకి మొదలైతే మనకి వేసవిలో రాత్రి పదిన్నర, చలికాలంలో పదకొండున్నర. రోజంతా పనిచేసి, ఆ వేళ పోల్స్ కోసం కళ్లు తెరుచుకుని కూర్చుంటే ఏం బుర్రకెక్కుతుంది?

సెల్ఫ్ స్టడీ మన వీలునిబట్టి చదువుకునేది. చివర్లో పరీక్ష ఉంటుంది, కనీసం 70 శాతం రావాలి. కోర్సు కొన్న ఏడాదిలోపు పూర్తిచేయాలి. క్రెడిట్లు కూడా గాల్లోంచి వేసే అంకె కాదు. ముందుగా కొంతమంది చేత చేయించి పట్టిన సమయం చూడటం ఒక పద్ధతి. పాఠంలోని పదాల సంఖ్యను 180తో భాగించి, వీడియో నిమిషాలు కలిపి, ఒక్కో ప్రశ్నకి 1.85 నిమిషాలు చేర్చి, మొత్తాన్ని 50తో భాగించడం ఇంకో పద్ధతి. రాత్రి మేలుకోనక్కర్లేదు, పైగా ఇంత కొలత ఉంది కాబట్టే హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి నా ఓటు సెల్ఫ్ స్టడీకే. డల్లాస్‌లోనో, సియాటిల్‌లోనో ఉంటే లైవ్‌కే వేసేదాన్ని.

అయితే ఏది ఎంచుకున్నా డబ్బు కట్టేముందు కోర్సు పేజీ మీద కొన్ని స్పష్టంగా కనబడాలి: ఎన్ని క్రెడిట్లు, ఏ సబ్జెక్టు విభాగంలో, లైవా సెల్ఫ్ స్టడీయా, ఏ స్థాయి, ముందుగా ఏం తెలిసుండాలి. నాస్బా (అమెరికా రాష్ట్ర అకౌంటెన్సీ బోర్డుల సంఘం) నడిపే నేషనల్ రిజిస్ట్రీలో, అంటే సీపీఈ కోర్సులిచ్చే సంస్థల జాబితాలో, ఉన్న సంస్థ అయితే ఈ వివరాలు ముందే చెప్పి తీరాలి. "సీపీఈకి పనికిరావచ్చు" అని మాత్రమే రాసి, మిగతాదంతా లాగిన్ వెనక దాచే పేజీలంటే నాకు ఒళ్లు మండుతుంది. లైసెన్సు నిలబెట్టుకోవాల్సిన మనిషి ఊహించుకుంటూ డబ్బు కట్టాలా? సబ్జెక్టు విభాగం రాయకపోవడం మరీ అన్యాయం. ఆడిటింగ్, టాక్స్ సాంకేతిక విభాగాలు. కమ్యూనికేషన్, వ్యక్తిత్వ వికాసం కావు, వాటిని ఎన్ని గంటలవరకు ఒప్పుకోవాలో కొన్ని రాష్ట్రాలు హద్దు పెట్టాయి. పది నిమిషాల చిన్న పాఠాల్ని (నానో లెర్నింగ్) అన్ని రాష్ట్రాలూ తీసుకోవు.

ఎథిక్స్ (వృత్తి నైతిక నియమాల) విషయంలో రిజిస్ట్రీ ముద్ర ఒక్కటే సరిపోదు. టెక్సస్‌లో రెండేళ్లకోసారి చేయాల్సిన నాలుగు గంటల ఎథిక్స్ కోర్సుని ఆ రాష్ట్ర బోర్డే ఆమోదించి ఉండాలి. వాషింగ్టన్ కూడా తన బోర్డు ఆమోదించిన ఎథిక్స్ కోర్సునే అడుగుతుంది. కాబట్టి పేజీ మీద మీ రాష్ట్రం పేరు, బోర్డు ఆమోదం కనబడే ఎథిక్స్ కోర్సుని ముందు పూర్తిచేసి, మిగతా గంటలు ఆ తర్వాత చూసుకోండి.