పత్తిలో లింగాకర్షక బుట్టలు, మూడు సీజన్లు వాడాక నా మాట

మగ రెక్కల పురుగుల్ని వాసనతో రప్పించి కింద సంచిలో పట్టే ఈ బుట్ట ఎట్టా కట్టాలో, ఎంత ఎత్తులో పెట్టాలో పత్తేసే వాళ్ళందరికీ తెలిసిందే కాబట్టి అదంతా వదిలేస్తున్నా. నా బాధంతా లోపల పెట్టే ఆ చిన్న రబ్బరు ఎర గురించి.

మాది పెదనందిపాడు వైపు, మూడున్నర ఎకరాలు, అందులో రెండెకరాలు కౌలు. మొదటి సీజన్లో ఈ బుట్టలు చూసి పొంగిపోయి కనపడ్డ ప్రతివాళ్ళకీ కొనమని చెప్పా. ఎందుకంటే గులాబీ రంగు పురుగు కాయలోకి దూరాక మనం ఏం కొట్టినా దానికి తగలదు, పైకి కాయ నిగనిగలాడతానే ఉంటది లోపల గింజ తినేస్తా ఉంటది, కాయ పురుగుని తట్టుకునేట్టు చేసిన బీటీ విత్తనం కూడా ఇప్పుడు దాన్ని ఆపట్లా. అట్టాంటిది పొద్దున్నే సంచి విప్పి, ఆ పురుగే పెద్దదై రెక్కలొచ్చాక పడ్డవాటిని లెక్కపెట్టుకుంటే, వరసగా మూడు రాత్రుళ్ళు బుట్టకి 8 చొప్పున పడితే మందు కొట్టాలి, లేకపోతే ఆగొచ్చు. ఆ యేడు నాకు రెండు స్ప్రేలు మిగిలినయ్. అప్పుడు చెప్పిన మాట ఇప్పుడు కొంచెం సరిచేసుకోవాలి.

రెండో యేడు అక్టోబర్లో ఎరలు మార్చే టైమొస్తే గుంటూరు వెళ్ళి ఒక షాపులో పద్నాలుగు తెచ్చా. ప్యాకెట్లు గోడ మేకుకి తగిలించి ఉన్నయ్, పైన రేకుల కప్పు, లోపల నిలబడితే చెమటలు పట్టే వేడి, అయినా నాకప్పుడు తట్టలా. మార్చిన మర్నాడు సున్నా. ఆ తర్వాత కూడా సున్నా, ఎప్పుడన్నా ఒకటి. పది రోజులు అట్టాగే ఉంటే ఈసారి పురుగు లేదని ఇంట్లో కూడా సంతోషంగా చెప్పుకున్నా, మందు తేలా. పదకొండో రోజు చేలో గుడ్డిపూలు కనపడ్డయ్, రేకులు విచ్చుకోకుండా మెలితిరిగి ఉంటయ్ చూడండి, అవి. విప్పితే లోపల పురుగు.

గట్టవతల చేను మా బావది. "నీ బుట్టల్లో ఏమన్నా పడుతున్నయ్యా బావా?" అంటే "నిన్న పదకొండు, మొన్న పదమూడు, నీకు పడట్లా?" అన్నాడు. మధ్యలో గట్టు తప్ప ఏం లేదు. ఆయన దగ్గర మిగిలిన ఎర ఒకటి తెచ్చి నా బుట్టల్లో ఒకదాన్లో పెట్టా. తెల్లారేసరికి తొమ్మిది. మిగతా పదమూడు బుట్టల్లో ఒక్కటి లేదు. ఆ తొమ్మిదీ అరచేతిలో పోసుకుని చేలో అట్టాగే కూలబడ్డా. మూడోసారి పత్తి తీతకొచ్చేసరికి సగానికి పైన సరిగ్గా విచ్చని గుడ్డికాయే.

ఆ ఎరలో ఉండేది గాసిప్లూర్, ఆడపురుగు వాసన లాంటిది, దానికి మగవి వచ్చి పడతయ్. ఆవిరయ్యే సరుకు, వేడిలో ఉంచితే మన చేతికి రాకముందే అయిపోతది. అయిపోయిన ఎరకి రంగు మారదు, మన ముక్కుకి తేడా తెలీదు. పురుగు లేకపోయినా బుట్ట ఖాళీయే, ఎర చచ్చిపోయినా ఖాళీయే. నాకు కోపమంతా అక్కడే.

పోయిన సీజన్ నుంచి ఫ్రిజ్‌లో పెట్టి అమ్మే చోటే కొంటున్నా, ఐసు ముక్కలేసిన ఫ్లాస్కులో తెచ్చి ఇంట్లో ఫ్రిజ్‌లో పెడుతున్నా, పెట్టిన తేదీ బుట్ట మూత మీద మార్కర్‌తో రాస్తున్నా. మిర్చిలో లద్దె పురుగు ఎర ముట్టుకున్న చేత్తో పత్తి ఎర ముట్టుకోను, ఒక వాసన ఇంకోదానికి అంటుకుంటది. బుట్టలో ఎన్ని పడ్డా వారానికోసారి 20 పచ్చికాయలు కోసి చూస్తా, రెండింట్లో పురుగుంటే ఇంక బుట్ట లెక్క చూడను, మందు కొట్టేస్తా.

ఒక మంచి కూడా చెప్పాలి. గట్టు మీద పాత పత్తి కట్టె కుప్ప పక్కనున్న బుట్టలో ఎప్పుడూ మిగతావాటికి రెట్టింపు పడేవి, ఎందుకో అర్థమయ్యేది కాదు. కుప్ప కదిలించి ఎండిన కాయలు చిదిపితే లోపల పురుగులు. పొయ్యిలోకని మేమే దాచుకున్నాం. బుట్ట లేకపోతే అది నాకు తెలిసేదే కాదు.

మళ్ళీ కొంటానా అంటే కొంటా, నాకు చేను ఇంటి వెనకే కాబట్టి రోజూ పొద్దున పోయి చూడగలను. టౌన్లో ఉండి ఆదివారం వచ్చి చూసుకునేవాళ్ళకి కొనమని మాత్రం గట్టిగా చెప్పలేను. ఈసారి నేనూ బావా వేరే వేరే షాపుల్లో తెచ్చుకున్నాం, రోజూ పొద్దున లెక్కలు గట్టు దగ్గర చెప్పుకుంటున్నాం.