పెద్దకూర బాగుండాలంటే పశువు బెదరకూడదు

కర్నూలు పాతబస్తీలో మేము రెండేళ్లుగా పెద్దకూర కొంటున్న అంగడి యజమాని, సంత నుంచి తెచ్చిన రోజే దున్నను కోయించడు; ఒక రాత్రి నీడపట్టున కట్టేసి, కడుపునిండా నీళ్లు పెట్టి, అది నెమ్మదించాకే కబేళాకు పంపుతాడు. ఇందులో జాలితోపాటు శాస్త్రమూ ఉంది. లారీలో కుక్కి, కొట్టి బెదరగొట్టిన పశువు కండరాల్లో నిల్వ ఉండే చక్కెర లాంటి గ్లైకోజెన్ ముందే ఖర్చయిపోతుంది కనుక, కోశాక తగినంత లాక్టిక్ ఆమ్లం తయారుకాక, మామూలుగా 5.5 దాకా దిగవలసిన పీహెచ్ (పులుపు పెరిగేకొద్దీ తగ్గే కొలత) 6కు పైనే నిలిచిపోయి, మాంసం నల్లబడి, బిగుసుకుని, త్వరగా చెడిపోతుంది. వేరే చోట ఒకసారి అలాంటి కూరే కొన్నాను; కత్తికి అతుక్కునేంత జిగటగా ఉండి, సాయంత్రానికే వాసన పట్టింది. ఇక్కడి ముక్క ఎర్రగా, కోసినచోట కాస్త తడిగా మెరుస్తుంది.

మేత విషయంలో మాత్రం నాకు అసంతృప్తి ఉంది. ఎండాకాలంలో వట్టి జొన్నచొప్ప మీద బతికిన పశువుకు కొవ్వు పట్టదు, కూర పీచుపీచుగా ఉంటుంది. ధర మాత్రం తగ్గించరు. ఆ నెలల్లో సన్నటి మంట మీద ఎక్కువసేపు ఉడికించుకోవాలి. కొవ్వు తెల్లగా ఉందని అనుమానించనక్కరలేదు. పచ్చగడ్డిలోని కెరోటిన్ అనే రంగు పదార్థం వల్ల ఆవు, ఎద్దుల కొవ్వు పసుపుబారుతుంది గాని, గేదెజాతి కొవ్వు తెల్లగానే ఉంటుంది.