కొండ దారుల్లో డీజిల్ థార్: ఏళ్ల తరబడి నడిపాక

నా దగ్గరున్నది 2.2 లీటర్ల డీజిల్, మాన్యువల్ గేర్ల మహీంద్రా థార్ 4x4, అంటే నాలుగు చక్రాలకీ ఇంజన్ బలం అందే బండి. కొన్న దగ్గర్నుంచీ మారేడుమిల్లి, గుడిస, పాడేరు, వంజంగి వైపే ఎక్కువ తిరిగింది.

కాగితం మీద పెట్రోల్‌దే పైచేయి. దానిది 150 హార్స్‌పవర్, డీజిల్‌ది 130. మాన్యువల్‌లో టార్క్, అంటే చక్రాల్ని తిప్పే బలం, రెండింటికీ 300 ఎన్ఎం. అయినా డీజిలే ఎందుకంటే వాన పడ్డాక గుడిస కొండ ఎక్కి చూడాలి. ఎర్రమట్టి జారుతుంటుంది, మధ్యమధ్య రాళ్లు పైకి తేలి ఉంటాయి. బండిని బాగా నెమ్మదిగా, ఎక్కువ బలంతో నడిపే 4L (ఫోర్ లో) పెట్టి, ఫస్ట్ గేర్‌లో క్లచ్ పూర్తిగా వదిలేస్తే చాలు. యాక్సిలరేటర్ మీద కాలు పెట్టక్కర్లేదు. మనిషి నడక కన్నా నెమ్మదిగా, ఆగిపోకుండా రాయి ఎక్కి దిగుతుంది. దిగేటప్పుడు ఎలాగని టెన్షన్ పడుతుంటే అక్కడి జీపు డ్రైవరొకాయన చెప్పాడు: "బ్రేకు తొక్కకండి సార్, ఇంజనే పట్టుకుంటాది." నిజంగానే పట్టుకుంది. ఇప్పటికీ ఆ దిగుడులో నాకు బ్రేకు అవసరం పడేది తక్కువే.

మైలేజీ హైవేలో 13, 14 వస్తుంది, ఘాట్‌లో 10 దాకా పడిపోతుంది. పెట్రోల్ కన్నా డీజిల్ లీటరు మీద పది రూపాయల పైచిలుకు తక్కువ కాబట్టి ఎక్కువ తిరిగేవాళ్లకి గిట్టుబాటే.

ఒక్క మాట మాత్రం కొనేముందే తెలుసుకోవాలి. బీఎస్6 (ఇప్పటి పొగ కాలుష్య నిబంధనలు) డీజిల్ బండి ఏదైనా సరే, పొగ గొట్టంలో మసి పట్టే ఫిల్టర్, అదే డీపీఎఫ్, ఉంటుంది. ఇంటి నుంచి ఆఫీసుకి నాలుగు కిలోమీటర్లు తిప్పి ఆపేస్తుంటే ఆ మసి కాలదు. అప్పుడప్పుడూ హైవే ఎక్కించి ఒక పావుగంట ఆపకుండా నడపాలి. ఊళ్లోనే తిరిగేవాళ్లు పెట్రోల్ తీసుకోండి, హాయిగా ఉంటారు.

ఇక అసలు బాధ. కొండ దారుల్లో తిరిగేవాళ్లలో డీజిల్ అడిగేవాళ్లు తగ్గలేదు, దొరికే బండ్లే తగ్గాయి. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 రాగానే మారుతి డీజిల్‌కి దణ్ణం పెట్టేసింది, అందుకే 2023లో వచ్చిన జిమ్నీలో పెట్రోల్ తప్ప మరోటి లేదు. ఫోర్స్ గుర్ఖాలో ఉన్నది డీజిలొక్కటే. టొయోటా ఫార్చ్యూనర్‌లో డీజిల్ 4x4 ఉన్నా, ధర మనలాంటివాళ్లకి అందేది కాదు. 2024లో వచ్చిన థార్ రాక్స్‌లో 4x4 కావాలంటే డీజిలే కొనాలి. కొండ ఎక్కేవాడు ఏది అడుగుతాడో కంపెనీకి తెలుసనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

గిరాకీకి అడ్డం పడుతున్నది పన్ను. నాలుగు మీటర్ల లోపు బండిలో డీజిల్ ఇంజన్ 1500 సీసీ దాటకపోతే 2025 సెప్టెంబరు నుంచి జీఎస్టీ 18 శాతం, దాటితే 40. థార్ పొడవు 3985 మిల్లీమీటర్లే. కానీ 2184 సీసీ ఇంజన్ వల్ల నాలాంటి బండి 40లో పడుతుంది. 1497 సీసీ డీజిల్ థార్ 18లోనే ఉంది, దానికీ టార్క్ అదే 300 ఎన్ఎం. అయితే అది వెనక చక్రాలతోనే నడుస్తుంది, దానికి 4L లేదు. ఆ చిన్న డీజిల్‌కే 4x4 జతచేసి అమ్మితే మా ఏజెన్సీ దారుల్లో తిరిగేవాళ్లు బుకింగ్ తెరిచిన రోజే వరస కడతారు. నేనైతే నా బండి ఇచ్చేసి అది తెచ్చుకుంటాను.