చెక్క లేత్ కోసం పాత మోటారు కొంటున్నారా? ప్లేటు చూసి డబ్బులివ్వకండి

రాజమండ్రి వైపు పాత మోటార్ల షాపుల్లో చెక్క లేత్ కోసం మోటారు వెతుకుతున్నవాళ్ళు ఎవరైనా ఉంటే, డబ్బులు తీసే ముందు ఇది చదవండి. నాకు పోయింది 5,100 రూపాయలే. అంతకంటే పెద్దది పోవలసింది, చెవి పక్కనుంచి వెళ్ళిపోయింది.

మాది రాజోలు దగ్గర. గాలివానకి పెరట్లో మామిడి కొమ్మ ఒకటి విరిగిపడింది. పొయ్యిలో పెట్టడానికి మనసొప్పక, గిన్నెలు చేద్దామనుకున్నాను. చెక్కని గుండ్రంగా తిప్పుతూ ఉలితో చెక్కే యంత్రం కావాలి దానికి. మా తాతగారి రోజుల్లో తరిమెన పట్టడం అనేవారు, ఇప్పుడందరం లేత్ అంటున్నాం. ఊళ్ళో వెల్డింగ్ షాపులో రెండు ఇనప సీ-ఛానళ్ళు కలిపి బెడ్, అంటే లేత్ అడుగు చట్రం, చేయించాను. 25 ఎం.ఎం. షాఫ్టు, రెండు పిల్లో బ్లాక్ బేరింగులు, షాఫ్టు చివర మర చుట్లు, వాటికి చెక్కని స్క్రూలతో బిగించే ఫేస్‌ప్లేట్. ఇవన్నీ బాగానే కుదిరాయి.

మోటారు దగ్గరే మోసపోయాను. మోటారుకి కొట్టిన ప్లేటు మీద 1 హెచ్.పి., సింగిల్ ఫేజ్, 1440 ఆర్.పి.ఎం. (నిమిషానికి తిరిగే చుట్లు) అని ఉంది. "ఆయ్, ఒరిజినల్ కాపర్ వైండింగేనండి, పూచీ నాదండి" అన్నాడు షాపాయన. అక్కడే వైరు తగిలించి తిప్పి చూపించాడు. తిరుగుతోంది కదా అని 4,200 ఇచ్చేశాను. బిల్లు అడిగితే చిన్న చీటీ మీద అంకె వేసిచ్చాడు. దాని మీద షాపు పేరు కూడా లేదని ఇంటికొచ్చాక గానీ చూడలేదు.

నా లెక్క ఇది. మోటారుకి 3 అంగుళాల పుల్లీ, లేత్ షాఫ్టుకి 6 అంగుళాలది. వేగం సగమై 720 రావాలి. గిన్నెలు తిప్పేవాళ్ళకి ఒక మోటు లెక్క ఉంది: చెక్క వ్యాసాన్ని అంగుళాల్లో తీసుకుని ఆర్.పి.ఎం.తో గుణిస్తే 6,000కీ 9,000కీ మధ్య రావాలి. 10 అంగుళాల గిన్నెకి 720 చక్కగా సరిపోతుంది.

మొదటి రోజు అప్పడాల కర్ర చేశాను. నున్నగా వచ్చింది, మా ఆవిడ కూడా మెచ్చుకుంది. అసలు దెబ్బ అక్కడే తిన్నాను. రెండు అంగుళాల కర్ర 720లో తిరిగినా 1440లో తిరిగినా పెద్ద తేడా తెలియదు. మోటారులో లోపం ఉందని అది చెప్పదు.

రెండో రోజు మామిడి చెక్క ఎక్కించాను. 10 అంగుళాల వెడల్పు, 4 అంగుళాల మందం, ఇంకా పచ్చిది, నాలుగు కిలోల పైమాటే. స్విచ్ వేయగానే బెడ్డంతా నేల మీద గెంతడం మొదలెట్టింది. ఆపుదామని చెయ్యి చాచేలోపు చెక్క ఊడి, నా కుడి చెవి పక్కనుంచి వెళ్ళి పాక రేకుని చీల్చుకుని అవతల కొబ్బరి మొదట్లో పడింది. నా తప్పూ ఉంది, దాచను. గొడ్డలితో చెక్కిన ముక్కని సరిగ్గా గుండ్రం చేయకుండానే ఎక్కించాను. స్క్రూలు అంగుళానివే వేశాను. ముఖానికి షీల్డు లేదు. తిరిగే చెక్క అంచుకి ఎదురుగా నిలబడకూడదని తెలిసీ నిలబడ్డాను. కానీ ఇన్ని తప్పులు చేసినా, 720లో తిరిగి ఉంటే అది అలా ఎగిరేది కాదనే నా నమ్మకం. వేగం రెట్టింపైతే బరువు తేడా వల్ల పుట్టే లాగుడు నాలుగింతలవుతుంది.

వేగం సంగతి పట్టుకున్నది మా మేనల్లుడు. "మావయ్యా, సుద్దతో గీత గీసి స్లో మోషన్‌లో తీద్దాం" అన్నాడు. బెల్టు తీసేసి, మోటారు పుల్లీ మీద గీత పెట్టి, ఫోన్‌లో 240 ఫ్రేముల వీడియో తీశాడు. అది ఆడించినప్పుడు మామూలు కంటే ఎనిమిదింతలు నెమ్మదిగా కనిపిస్తుంది. 1440 మోటారైతే ఆ వీడియోలో గీత సెకనుకి 3 సార్లు పైకి రావాలి. మాది 6 సార్లు వచ్చింది. అంటే 2880! నా మామిడి చెక్క 1440లో తిరిగిందన్నమాట. దాని అంచు వేగం లెక్కేస్తే గంటకి 69 కిలోమీటర్లు.

షాపాయనకి ఫోన్ చేస్తే ఏ మాత్రం తడుముకోలేదు. "కొంచెం స్పీడు ఉంటుందండి, రెగ్యులేటర్ పెట్టుకోండి" అని 900 తీసుకుని ఒకటి అంటగట్టాడు. ఇది రెండో మోసం. మన 50 హెర్ట్జ్ కరెంటు మీద ఇలాంటి ఇండక్షన్ మోటారు మామూలుగా 3000 కంటే కొంచెం తక్కువగానో, 1500 కంటే కొంచెం తక్కువగానో తిరుగుతుంది. అది లోపలి వైండింగ్‌తో పుట్టే అయస్కాంత ధ్రువాల్ని, అంటే పోల్స్‌ని బట్టి ఉంటుంది: రెండుంటే మొదటిది, నాలుగుంటే రెండోది. కాబట్టి 1440 అని అమ్మిన మోటారు "కొంచెం స్పీడు" ఉండటమన్నది ఉండదు. అది వేరే మోటారు, అంతే.

రెగ్యులేటర్ తగిలించిన పది నిమిషాలకి వార్నిష్ కాలిన వాసన, ఆ వెంటనే పొగ. వైండింగ్ మేస్త్రి దగ్గరికి పట్టుకెళ్తే విప్పి చూసి నవ్వాడు. "ఇది నీళ్ళ మోటారు బాబూ, రెండు పోల్స్‌ది. ప్లేటు ఇంకో మోటారుది." ఇలాంటి కెపాసిటర్ స్టార్ట్ మోటారులో, తిరగడం మొదలెట్టించే స్టార్టింగ్ వైండింగ్‌కి ఒక స్విచ్ ఉంటుందట. వేగం అందుకోగానే అది ఆ వైండింగ్‌ని వదిలేస్తుంది. రెగ్యులేటర్‌తో వేగం తగ్గిస్తే ఆ స్విచ్ మళ్ళీ పడుతుంది. కొన్ని సెకన్లు పనిచేయాల్సిన ఆ వైండింగ్ నిమిషాల తరబడి కాలుతుంది. వైరు తుంచి బ్లేడుతో గీకి చూపించాడు. పైన రాగి రంగు, లోపల తెల్లగా అల్యూమినియం. షాఫ్టు చివర కోసి అరగదీసిన గుర్తు కూడా ఉంది, నీళ్ళు తోసే చక్రం (ఇంపెల్లర్) ఉండే చోట. నేను కొన్నప్పుడూ ఉన్నదే, చూడలేదు.

మన వైపు రొయ్యల చెరువుల్లో నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్ల మోటార్లు, తోటల్లో పంపులవి గుట్టలుగా పాత సామాన్లకి వస్తాయి. అన్నీ చెడ్డవని అనను. కానీ షాపులోనే గీత గీసి వీడియో తీయండి, రెండు నిమిషాల పని. ఒప్పుకోకపోతే అక్కడినుంచి వచ్చేయండి. టెర్మినల్ పెట్టె విప్పించి వైరు చివర గీకించండి. తెలిసిన ఎలక్ట్రీషియన్ ఉంటే, మోటారు ఎంత కరెంటు లాగుతోందో చూపించే క్లాంప్ మీటరుతో రమ్మనండి. నా మోటారు ఏ లోడూ లేకుండానే ప్లేటు మీద రాసినదాని కంటే ఎక్కువ ఆంపియర్లు లాగి ఉంటుందని మేస్త్రి అన్నాడు. బిల్లు మీద హెచ్.పి., ఆర్.పి.ఎం., కాపర్ అని రాయించుకోండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి నేను ఫోన్ చేశాను. మొదటి ప్రశ్నే బిల్లు ఉందా అని. నా దగ్గరున్నది చీటీ ముక్క.

ఇప్పుడు బిల్లుతో కొత్తది కొన్నాను, 1440ది. వీడియోలో గీత 3 సార్లే వచ్చింది. మామిడి చెక్కని ముందు గుండ్రంగా కోయించి, రెండంగుళాల స్క్రూలు వేసి ఎక్కించాను. బెడ్డు కదల్లేదు.

కాలిన మోటారు నా దగ్గరే ఉంది. మొన్న ఆ షాపాయనే ఫోన్ చేసి, తెచ్చిస్తే 800 ఇస్తానన్నాడు. ఇవ్వనన్నాను. ఇస్తే ఇంకో ప్లేటు తగిలించుకుని మళ్ళీ అదే అరలో కూర్చుంటుంది.