గాలికి భయపడని పుల్లల కెటిల్: ఏళ్ల తరబడి వాడాక

ఐర్లండ్‌లో ఆరుబయట టీ నీళ్లు కాచుకోవాలంటే గాలితోనే అసలు పేచీ. పడమటి తీరాన మేయో, గాల్వే వైపు బీచ్‌లో చిన్న గ్యాస్ స్టవ్ వెలిగిస్తే మంట గిన్నెకు తగలకుండా పక్కకు పోతుంది. చలికాలం పొద్దున్న ఇంకా కష్టం. వట్టి బ్యూటేన్ డబ్బా అయితే సున్నా డిగ్రీల దగ్గర గ్యాస్ ఇవ్వడమే మానేస్తుంది. గాలి ఎంత ఉంటే అంత బాగా పనిచేసే వస్తువు నాకు తెలిసి ఈ పుల్లల కెటిల్ ఒక్కటే. మా ఇంట్లో ఏళ్లుగా వాడుతున్నాం.

స్నానాల నీళ్లకు వాడే రాగి బాయిలర్ చూసినవాళ్లకు దీన్ని వివరించక్కర్లేదు. నడుమ పొగగొట్టం, దాని చుట్టూ నీళ్లు. అడుగున విడిగా వచ్చే చిన్న పొయ్యి, దానికో కన్నం. ఆ కన్నాన్ని గాలి వచ్చే వైపు తిప్పి పెడితే చాలు, మిగతాది గాలే చూసుకుంటుంది. మంట నీళ్ల మధ్యలోంచి పైకి లేస్తుంది కాబట్టి వేడి పెద్దగా వృథా కాదు. ఎండు పుల్లలైతే లీటరున్నర నీళ్లు ఐదారు నిమిషాల్లో మరుగుతాయి.

మేయోలోని కెల్లీ కుటుంబం పేరు మీద ఇక్కడ చాలామంది దీన్ని కెల్లీ కెటిల్ అంటారు. న్యూజిలాండ్‌లో జాన్ హార్ట్ అనే ఆయన 1929లో థర్మెట్ పేరుతో ఇలాంటిదే తయారుచేశాడు. రెండో ప్రపంచయుద్ధంలో ఉత్తర ఆఫ్రికా ఎడారిలో న్యూజిలాండ్ సైనికులకు టీ నీళ్లు కాచింది అదే. బెంఘాజీ బాయిలర్ అని పిలుచుకునేవారు.

ఇక పుల్లల సంగతి. వానదేశం కదా, నేల మీద పడ్డవన్నీ నానిపోయి ఉంటాయి. చెట్టుకే ఎండి వేలాడుతున్న సన్న కొమ్మలు చూసుకోవాలి. విరిస్తే టక్కుమనాలి, వంగితే పనికిరాదు. చిటికెన వేలి కన్నా లావు వద్దు. పైన్ కాయలు, బర్చ్ చెట్టు బెరడు దొరికితే మరీ మంచిది. మంట అందుకున్నాక పుల్లలను పైనుంచి గొట్టంలోకి ఒక్కొక్కటే జారవిడవాలి. ఒక్క క్షణం తెల్లటి పొగ, తర్వాత గుప్పుమని మంట గొట్టం అంచు దాటి పైకి వస్తుంది. లోపల గుడగుడ మొదలై ముక్కులోంచి నీళ్లు చిందాయంటే మరిగినట్టే. అందుకే నీళ్లు ముక్కు మట్టానికి కాస్త కిందే ఆపాలి, లేకపోతే పొంగి మంట మీద పడతాయి.

మూడు విషయాల్లో మాత్రం రాజీ పడకూడదు. నీళ్లు పోయకుండా మంట పెట్టొద్దు, అతుకులు విడిపోతాయి. మంట ఉన్నంతసేపూ ముక్కుకు పెట్టే బిరడా తీసే ఉంచాలి, మూస్తే ఆవిరి ఒత్తిడికి వేడినీళ్లు ఎగజిమ్ముతాయి. పైకెత్తేటప్పుడు చెయ్యి గొట్టం మీదికి రాకూడదు. కాడను రెండు చేతులతో రెండు పక్కలా పట్టుకుని ఎత్తాలి. నీళ్లు వంచేటప్పుడు బిరడాకున్న గొలుసు పట్టుకుని కెటిల్ అడుగును పైకి లేపాలి. పిల్లలు చుట్టూ ఉంటే పెద్దవాళ్లే ఎత్తాలి.

మన టీ ఇందులో కాయలేం. పాలు, టీపొడి లోపల వేస్తే కడగడానికి చెయ్యి దూరదు. నేను పాలు ఇంట్లోనే కాచి ఫ్లాస్కులో పోసుకెళ్తాను. ఇంకో ఫ్లాస్కులో దంచిన అల్లం, టీపొడి వేసి, అక్కడ మరిగే నీళ్లు పోసి పది నిమిషాలు మూత బిగిస్తాను. వడకట్టి పాలు కలిపితే ఇంటి టీకి దగ్గరగానే ఉంటుంది. కాఫీ అయితే ఇంకా సుఖం. స్టీలు ఫిల్టర్ వెంట ఉంటే సముద్రం ఒడ్డున చిక్కటి డికాషన్. వేయించిన రవ్వలో పోపు కలిపి డబ్బాలో తీసుకెళ్తే, మరిగే నీళ్లు పోసి మూతపెట్టి ఉంచితే ఉప్మా కూడా అయిపోతుంది.

ఇబ్బందులూ ఉన్నాయి. పొయ్యికి, గొట్టానికి పట్టే మసి సంచికి అంటుతుంది, గుడ్డసంచి విడిగా పెట్టుకోండి. బట్టలకు పొగవాసన ఖాయం. వీపు మీద మోసుకుంటూ రోజంతా నడిచేవాళ్లకు ఇది బరువు, పైగా చోటెక్కువ తింటుంది. సున్నపు నీళ్ల ఊళ్లలో లోపల పొర కడుతుంది. నిమ్మ ఉప్పు వేసి ఒకసారి మరిగిస్తే వదులుతుంది.

ఎక్కడ పడితే అక్కడ వెలిగించడం కూడా కుదరదు. విక్లో కొండల నేషనల్ పార్కులో మంట పెట్టడం నిషేధం. వానలు లేని రోజుల్లో వ్యవసాయ శాఖ అడవి మంటల గురించి ఆరెంజ్ హెచ్చరిక ఇస్తే మేం కెటిల్ బయటికే తీయం. ఇక్కడి బోగ్ (చిత్తడి) నేలంతా పీట్, అంటే కుళ్లిన మొక్కలతో ఏర్పడిన మట్టి, అంటుకుంటే లోలోపలే రగులుతూ పోతుంది. ఇసుక, రాయి ఉన్నచోటే పెట్టాలి. మన దగ్గర నల్లమల లాంటి రిజర్వు అడవుల్లో అయితే నిప్పు రాజేయడమే నేరం.

కొనేవాళ్లు అల్యూమినియం కన్నా స్టీలుదే తీసుకోండి. బరువు కాస్త ఎక్కువైనా సొట్టలు పడటం తక్కువ. నలుగురికైతే లీటరున్నర సైజు. అర లీటరుది ముచ్చటగా ఉంటుంది కానీ గొట్టం సన్నం. పుల్లలు మరీ చిన్నగా విరిచి, పక్కనే కూర్చుని వేస్తూ ఉండాలి.