మైక్రోసాఫ్ట్ 365 బిజినెస్ ప్రీమియం: చిన్న ఆఫీసుకు జీరో ట్రస్ట్ కాపలా

ఆడిట్ కార్యాలయంలో అసలు సరుకు ఇతరుల లెక్కలే. క్లయింట్ల పాన్, ఆధార్ ప్రతులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, జీఎస్‌టీ పోర్టల్ పాస్‌వర్డులు, ఇంకా దాఖలు కాని బ్యాలెన్స్ షీట్లు మా విజయవాడ కార్యాలయంలోని ల్యాప్‌టాప్‌లలోనూ సిబ్బంది ఫోన్లలోనూ ఉంటాయి. ఆర్టికల్ విద్యార్థులు (మా దగ్గర శిక్షణ పొందే సీఏ విద్యార్థులు) ఆ ల్యాప్‌టాప్‌లను తీసుకుని గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీకో, ఆటోనగర్‌లో వర్క్‌షాపుకో ఆడిట్‌కు వెళ్తారు, అక్కడి వైఫైకి కలుపుతారు, రాత్రికి ఇంటికి తీసుకుపోతారు. ఆఫీసులో ఫైర్‌వాల్ పెట్టి నిశ్చింతగా కూర్చునే కాలం మా వృత్తికి ఎప్పుడో చెల్లిపోయింది. అందుకే మైక్రోసాఫ్ట్ 365 బిజినెస్ ప్రీమియం లైసెన్సులు తీసుకుని, వాటి నిర్వహణను నెలవారీ రుసుముపై ఒక స్థానిక ఐటీ సంస్థకు అప్పగించాము. ఈ సమీక్ష ఆ ప్యాకేజీ గురించీ, దాన్ని నడిపే సేవ గురించీ.

జీరో ట్రస్ట్ అనే పద్ధతికి 2010లో ఫారెస్టర్ పరిశోధన సంస్థలో పనిచేస్తున్న జాన్ కిండర్‌వాగ్ రూపమిచ్చారు. ఆఫీసు నెట్‌వర్కులో ఉన్నంత మాత్రాన ఏ మనిషినీ, ఏ యంత్రాన్నీ నమ్మకూడదనీ, అడుగుతున్నది ఎవరు, ఏ పరికరం నుంచి, ఆ పరికరం సక్రమంగా ఉందా అని ప్రతిసారీ సరిచూసి, పనికి కావలసినంత మేరకే అనుమతి ఇవ్వాలనీ దాని సారం. 2009లో తనపై జరిగిన చొరబాటు తర్వాత గూగుల్ బియాండ్‌కార్ప్ పేరుతో ఇదే దారి పట్టింది. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2020 ఆగస్టులో దీనిపై ప్రత్యేక పత్రం వెలువరించింది. పెద్ద సంస్థలకే అందుబాటులో ఉన్న ఈ సాధనాలను 300 మంది వరకు ఉన్న సంస్థలకు ఒకే లైసెన్సులో చేర్చి ఇవ్వడమే బిజినెస్ ప్రీమియం ప్రత్యేకత. పరికరాల నిర్వహణకు ఇన్‌ట్యూన్, లాగిన్ నియమాలకు ఎంట్రా ఐడీ పీ1, వైరస్‌లు, రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే సాఫ్ట్‌వేర్) పట్టుకోవడానికి డిఫెండర్ ఫర్ బిజినెస్ ఇందులో ఉన్నాయి.

వీటన్నిటిలో డబ్బుకు తగిన విలువ చూపించేది కండిషనల్ యాక్సెస్, అంటే షరతులు నెరవేరితేనే లాగిన్ కానిచ్చే ఏర్పాటు, అని నా అభిప్రాయం. ఆదాయపు పన్ను శాఖ నోటీసు అని వచ్చిన మెయిల్‌లోని లింకు నొక్కి, అచ్చం మైక్రోసాఫ్ట్ పేజీలాగే కనిపించే నకిలీ పేజీలో ఒక విద్యార్థి పాస్‌వర్డు కొట్టాడనుకుందాం. ఇప్పటి మోసగాళ్లు పాస్‌వర్డుతో ఆగరు. మధ్యలో కూర్చుని అసలు పేజీని చూపిస్తూ, ఫోన్‌లో వచ్చే అనుమతిని కూడా ఆ విద్యార్థి చేతే ఇప్పించుకుని, లాగిన్ అయిన సెషన్‌ను ఎత్తుకుపోతారు. రెండంచెల ధ్రువీకరణ ఉంది కదా అన్న ధీమా అక్కడితో చెల్లదు. అయితే నియమాలకు లోబడిన పరికరం నుంచి మాత్రమే ప్రవేశం అనే షరతు పెట్టినప్పుడు, పాస్‌వర్డు సరైనదైనా, ఫోన్‌లో అనుమతి ఇచ్చినా, లాగిన్ జరుగుతున్నది మన జాబితాలో లేని యంత్రం గుండా కనుక అడ్డంకి పడుతుంది.

ఆ లోబడడం ఎలా తేలుతుందో దగ్గరగా చూస్తేనే ఈ సరుకు నాణ్యత అర్థమవుతుంది. డిస్క్‌కు బిట్‌లాకర్ (డిస్క్‌లోని డేటాను ఎన్‌క్రిప్ట్ చేసే విండోస్ సాధనం) ఉండాలి, ఫైర్‌వాల్ నడుస్తుండాలి, విండోస్ మనం నిర్ణయించిన వెర్షన్ కంటే పాతది కాకూడదు, డిఫెండర్ ఆ యంత్రంపై ప్రమాదం ఉందని గుర్తు పెట్టి ఉండకూడదు. మా విద్యార్థిని ఒకరి ల్యాప్‌టాప్‌కు బయాస్ అప్‌డేట్ కోసం బిట్‌లాకర్‌ను నిలిపివేసి, తిరిగి ఆన్ చేయకుండానే వదిలేశారు. కొద్ది గంటల్లోనే ఆ యంత్రానికి మెయిల్ ఆగిపోయింది. కంపెనీ పోర్టల్ యాప్ తెరిస్తే డిస్క్ ఎన్‌క్రిప్షన్ లేదన్న కారణం స్పష్టంగా కనిపించింది. దాన్ని ఆన్ చేసి, చెక్ యాక్సెస్ నొక్కాక, మెయిల్ మళ్లీ వచ్చింది. ఎవరికీ ఫోన్ చేయనవసరం లేకుండా ఆమే సరిచేసుకోగలగడం నాకు బాగా నచ్చింది.

ఫోన్ల విషయంలో మా సిబ్బంది మొదట భయపడ్డారు, అది సహజం. తమ ఫొటోలు, సందేశాలు యజమాని చూస్తాడేమోనన్నది వారి అనుమానం. ఆండ్రాయిడ్‌లో ఆఫీసు యాప్‌లు వర్క్ ప్రొఫైల్ అనే విడి అరలోకి వెళ్లి, వాటిపై చిన్న బ్రీఫ్‌కేస్ గుర్తు కనబడుతుంది. ఆ అర బయట ఉన్న సొంత ఫొటోలను, సందేశాలను మేము చూడలేము. ఉద్యోగి మానేసినప్పుడు ఆ అరను మాత్రమే తుడిచేయవచ్చు. చిక్కల్లా వాట్సాప్‌తోనే. మా క్లయింట్లలో చాలామంది కంప్యుటేషన్ షీటును వాట్సాప్‌లోనే పంపమంటారు. అవుట్‌లుక్‌లోని అటాచ్‌మెంటును అందులోకి పోనివ్వని నియమం పెట్టిన మొదటి నెలలో రోజూ వాదనలే. నియమాన్ని సడలించలేదు. బదులుగా వన్‌డ్రైవ్ లింకు పంపే అలవాటు చేశాము, దానికి క్లయింట్లను ఒప్పించడానికి ఓపిక కావాలి.

కొనేముందు తెలుసుకోవలసిన పరిమితులు ఉన్నాయి. విండోస్ హోమ్ ఎడిషన్‌తో వచ్చిన ల్యాప్‌టాప్‌లను ఎంట్రాలో చేర్చడం కుదరదు, ప్రో ఎడిషన్‌కు వేరే ఖర్చు పెట్టాలి. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది కనుక పాత యంత్రాలను మార్చే ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి. పెన్‌డ్రైవ్‌లను ఆపే నియమం రాసేటప్పుడు యూఎస్‌బీకే గుచ్చే డిజిటల్ సంతకాల టోకెన్లు దెబ్బతినకుండా చూడాలి, లేకపోతే రిటర్నుల గడువు రోజున ఆఫీసంతా స్తంభిస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, ఆఫీసు మూలన ఉన్న ట్యాలీ సర్వర్‌ను ఈ లైసెన్సు తనంతట తాను కాపాడదు. ఇంటి నుంచి ట్యాలీ చూడడం కోసం రౌటర్‌లో 3389 పోర్టు తెరిచి, రిమోట్ డెస్క్‌టాప్‌ను నేరుగా ఇంటర్నెట్‌కు వదిలేసే ఆఫీసులు మన ఊళ్లలో ఎన్నో ఉన్నాయి. రాన్సమ్‌వేర్ ముఠాలు వెతికేది సరిగ్గా ఆ పోర్టునే. అది మూయకుండా జీరో ట్రస్ట్‌కు ఎంత ఖర్చుపెట్టినా పెరటి తలుపు తీసి వీధి తలుపుకు తాళం వేసినట్టే.

ఇక నిర్వహణ సేవ. ఇన్‌ట్యూన్, ఎంట్రా, డిఫెండర్ దేనికదే విడి అడ్మిన్ పేజీ, వాటిలో అమరికల చోట్లు తరచూ మారుతుంటాయి. ఆడిట్ పని చేసుకునే మనుషులు దీన్ని రోజూ పట్టించుకోలేరు, కాబట్టి సేవ తీసుకోవడం తప్పదు. మేము పెట్టుకున్న ఐటీ సంస్థ పనితనంలో మెచ్చుకోదగినవి ఉన్నాయి. నియమాలను ఒక్కసారిగా అమలు చేయకుండా ముందు రిపోర్ట్ ఓన్లీ పద్ధతిలో నడిపి, ఎవరి లాగిన్ ఆగిపోయేదో చూపించి, సరిదిద్దాకే అమలులోకి తెచ్చారు. నియమాల్లో పొరపాటు జరిగి అందరూ బయట చిక్కుకుంటే వాడుకోవడానికి, మైక్రోసాఫ్ట్ సిఫారసు చేసినట్టుగా, రెండు అత్యవసర ఖాతాలను విడిగా ఉంచారు.

కానీ అదే సంస్థ తమ టెక్నీషియన్లందరికీ కలిపి ఒకే గ్లోబల్ అడ్మిన్ ఖాతా (అన్నిటిపై పూర్తి అధికారం ఉన్న ఖాతా) ఇమ్మని అడిగింది. దీన్ని నేను ఒప్పుకోలేదు, ఎవరూ ఒప్పుకోకూడదు. మా విద్యార్థిని మెయిల్ తెరవడానికి ఇన్ని షరతులు పెట్టి, మా డేటా అంతటిపై అధికారం ఉన్న బయటివారికి ఏ షరతూ లేకపోతే ఈ ఏర్పాటుకు అర్థమే ఉండదు. 2021 జులైలో కసేయా అనే సంస్థ సాఫ్ట్‌వేర్‌లోకి చొరబడిన రెవిల్ ముఠా, దాన్ని వాడే నిర్వహణ సంస్థల గుండా వారి కస్టమర్ల యంత్రాలకు పాకింది. ఆ దెబ్బకు స్వీడన్‌లో కూప్ సూపర్ మార్కెట్ల బిల్లింగ్ ఆగిపోయి వందల దుకాణాలు మూతపడ్డాయి. మన దేశంలోనే 2024 జులైలో సీ-ఎడ్జ్ టెక్నాలజీస్‌పై రాన్సమ్‌వేర్ దాడి జరిగినప్పుడు, ఆ సంస్థ సేవలపై ఆధారపడిన దాదాపు 300 చిన్న బ్యాంకుల చెల్లింపులకు అంతరాయం కలిగింది.

ఇందుకు మైక్రోసాఫ్ట్ ఇచ్చిన మార్గం జీడాప్ అనే పరిమిత అధికార ఒప్పందం. ఏ పాత్రకు ఎంత అధికారమో విడివిడిగా ఇస్తాము, గడువు గరిష్ఠంగా 2 సంవత్సరాలు, కావలసినప్పుడు మనమే రద్దు చేయవచ్చు. కొంత గునిసినా చివరకు ఆ ఐటీ సంస్థ దీనికి ఒప్పుకుంది. బిట్‌లాకర్ రికవరీ కీలు ఎంట్రాలో భద్రంగా ఉంటాయి, వాటిని చదివే అధికారం ఆఫీసులో కనీసం ఒకరికి ఉండాలని కూడా పట్టుబట్టాను. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ లోపభూయిష్ట అప్‌డేట్ వల్ల సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలి తెరతో ఆగిపోయినప్పుడు, బిట్‌లాకర్ ఉన్న యంత్రాలను బాగుచేయడానికి చాలాచోట్ల ఆ కీలే అవసరమయ్యాయి.

ఒప్పందంలో లేక నేను అడిగి చేర్పించినది లాగ్‌ల (ఎవరు ఎప్పుడు లాగిన్ అయి ఏం చేశారన్న నమోదుల) నిల్వ. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ ఘటన తెలిసిన 6 గంటల్లో నివేదించాలి, లాగ్‌లను 180 రోజులు ఉంచాలి. ఎంట్రా పీ1లో లాగిన్ వివరాలు 30 రోజులే నిలుస్తాయి. మిగతా కాలానికి వాటిని వేరే స్టోరేజీకి పంపే ఏర్పాటు చేయాలి, దాని ఖర్చు కొద్దిగానే ఉంటుంది, కానీ అడగకపోతే చేసేవారు తక్కువ. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023 ప్రకారం భద్రతా ఏర్పాట్లలో వైఫల్యానికి జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉండవచ్చు.

లైసెన్సుకు ఐదులో నాలుగున్నర ఇస్తాను. సేవకు మూడే, అది కూడా మేము అడిగినవి చేర్చాక. కొత్తగా తీసుకునేవారు సంతకానికి ముందు ఆ సంస్థ టెక్నీషియన్ చేత ఒక ల్యాప్‌టాప్‌కు వైప్ ఆదేశం ఇప్పించి, ఆ యంత్రం ఇంటర్నెట్‌కు కలిశాకే అది తుడిచిపెట్టుకుపోవడాన్ని స్వయంగా చూడండి. ఆ తర్వాత అదే యంత్రాన్ని మళ్లీ పనికి సిద్ధం చేయడానికి వారికి ఎంతసేపు పట్టిందో రాసి, ఆ గడువును ఒప్పందంలో చేర్చమనండి.